ఎలుగుబంట్లకు పాఠం చెప్పే కుక్కలు

పిల్లలూ! బడిలో పాఠం చెప్పే పంతుళ్ళను మీరు రోజూ చూస్తూనే ఉన్నారు. కుక్కకు కూర్చోమంటే కూర్చోవటం, తెమ్మంటే బంతి తేవటం నేర్పే మనుషులను కూడా చూసి ఉంటారు. కాని పాఠం చెప్పే కుక్కలను గురించి ఎప్పుడైనా విన్నారా? ఆ కుక్కల బడిలో చదువుకునేది ఎవరనుకున్నారు? ఎలుగుబంట్లు!

ఇది కట్టుకథ కాదు. అమెరికాలోనూ, జపానులోనూ ఇటువంటి కుక్కల చేత నిజంగా పని చేయిస్తున్నారు. అవి చెప్పే పాఠం ఒక్కటే: "ఇది మనుషులు ఉండే చోటు. నీ చోటు అడవి. అక్కడికి వెళ్ళు!" ఈ ఒక్క పాఠం వంటబట్టిన ఎలుగు అడవిలో హాయిగా బతుకుతుంది. వంటబట్టని ఎలుగు చాలాసార్లు తుపాకి గుండుకు బలి అవుతుంది. ఒక్కొక్కప్పుడు మనుషుల ప్రాణాలు కూడా పోతాయి. అందుచేత ఈ చదువు తేలిక విషయం కాదు.

తిండి మరిగిన ఎలుగు

అడవిలో ఉండవలసిన ఎలుగు అసలు ఊళ్ళోకి ఎందుకు వస్తుంది? మనిషి మీద పగతో రాదు. వాసన పట్టుకుని వస్తుంది. ఎలుగుకు చూపు కన్న ముక్కు బలం ఎక్కువ. పెరట్లో రాలిన పళ్ళు, చెత్తకుండీలో పారేసిన అన్నం, పశువుల దాణా, తేనెపట్టు, వీటిలో దేని వాసన అయినా ఎంతో దూరం నుంచి దానికి తెలిసిపోతుంది.

చలిదేశాల ఎలుగులకు మరొక అవసరం కూడా ఉన్నది. అక్కడ చలికాలమంతా మంచు కప్పేస్తుంది గనక తిండి దొరకదు. అందుకని అవి గుహలోనో, చెట్టు తొర్రలోనో చేరి నెలల తరబడి నిద్రపోతాయి. నిద్రపోయేముందు ఒళ్ళంతా కొవ్వు పట్టించుకోవాలి. మీ వయసు పిల్లవాడికి రోజుకు సుమారు 2 వేల కేలరీల ఆహారం సరిపోతుంది. ఆ రోజుల్లో పెద్ద ఎలుగు రోజుకు 20 వేల కేలరీల దాకా తినగలదు! అడవిలో ఒక్కొక్క పండూ, ఒక్కొక్క గింజా ఏరుకు తింటే అంత తిండి ఎన్నాళ్ళకు కూడుతుంది? అదే ఒక చెత్తకుండీ దొరికిందనుకోండి, గంటలో కడుపు నిండుతుంది.

ఒకసారి ఈ రుచి మరిగిన ఎలుగు మళ్ళీ వస్తుంది. మొదట రాత్రిపూట, భయపడుతూ వస్తుంది. ఎవరూ ఏమీ అనకపోతే పట్టపగలే వస్తుంది. తరవాత వంటింటి తలుపు తోస్తుంది. తల్లి ఎలుగు అయితే తన పిల్లలను కూడా వెంటబెట్టుకు వస్తుంది. ఎలుగుపిల్లలు ఏది తినాలో, ఎక్కడ వెతకాలో తల్లిని చూసే నేర్చుకుంటాయి. తల్లి చెత్తకుండీ చూపిస్తే అవి పెద్దవై తమ పిల్లలకు కూడా చెత్తకుండీయే చూపిస్తాయి. చెడు అలవాటు ఈ విధంగా తరతరాలకూ పాకుతుంది.

చివరకు ఏదో ఒకరోజు ఎలుగూ మనిషీ ఎదురు పడతారు. అప్పుడు అపాయం తప్పదు. అందుకే అమెరికాలో అడవి కాచేవాళ్ళు, మనిషి తిండి మరిగిన ఎలుగుకు చావు మూడినట్టే అని చెప్పుకుంటారు.

పట్టుకుని దూరంగా వదిలితే సరిపోదా అని మీరు అడగవచ్చు. చాలాకాలం అలాగే చేశారు. కాని ఎలుగుకు దారి గుర్తు పెట్టుకునే శక్తి అపారం. ఎన్నో మైళ్ళ అవతల వదిలినవి కూడా తిరిగి పాత చోటికి వచ్చేసేవి. రాకపోయినా, కొత్తచోట మరొక ఊరి చెత్తకుండీ వెతుక్కునేవి. చోటు మారింది గాని బుద్ధి మారలేదన్న మాట. మార్చవలసింది చోటును కాదు, అలవాటును. దానికే కుక్కలు కావలసి వచ్చాయి.

కరేలియా కుక్క

యూరపు ఖండానికి ఉత్తరాన ఫిన్లండు అనే దేశం ఉన్నది. ఆ దేశానికీ రష్యాకూ మధ్య సరస్సులతోనూ, దట్టమైన అడవులతోనూ నిండిన ప్రాంతాన్ని కరేలియా అంటారు. అక్కడి పల్లెటూళ్ళవాళ్ళు పూర్వం నుంచీ ఒక జాతి వేటకుక్కలను పెంచేవారు. అవి నల్లగా ఉంటాయి. ముఖం మీదా, మెడ చుట్టూ, రొమ్ము మీదా, పాదాల మీదా తెల్లటి మచ్చలుంటాయి. చెవులు నిక్కబొడుచుకుని, తోక వీపు మీదికి చుట్ట చుట్టుకుని ఉంటుంది. ఫిన్నిష్ భాషలో దీని పేరు "కర్యలన్ కర్హుకొయిర". కర్హు అంటే ఎలుగు, కొయిర అంటే కుక్క.

ఈ జాతిని శ్రద్ధగా పెంచటం 1936 లో మొదలుపెట్టారు. మూడేళ్ళకే, 1939 లో, ఫిన్లండుకూ సోవియట్ రష్యాకూ యుద్ధం వచ్చింది. తరవాతి సంవత్సరాలలో కరేలియా ప్రజలు ఇళ్ళూ వాకిళ్ళూ వదిలి పోవలసి వచ్చింది. మనుషులకే దిక్కులేని రోజుల్లో కుక్కలను ఎవరు చూస్తారు? యుద్ధం ముగిసేసరికి ఈ జాతి దాదాపు అంతరించింది. మిగిలినవి సుమారు నలభై. ఈనాడున్న కరేలియా కుక్కలన్నీ ఆ నలభై కుక్కల సంతతే అంటారు. 1946 నుంచీ వీటి పేర్లు పుస్తకాలలో నమోదు చెయ్యటం ప్రారంభించారు.

ఈ కుక్క మరీ పెద్దదేమీ కాదు. మగకుక్క ఎత్తు రెండడుగుల లోపే. బరువు 25 నుంచి 28 కిలోలు. ఆడది ఇంకా తేలిక. అమెరికాలోని గోధుమరంగు ఎలుగు దీనికి ఎనిమిది, పది రెట్ల బరువుండవచ్చు. ఒక్క దెబ్బ వేస్తే కుక్క ప్రాణం పోతుంది. మరి ఇది దాన్ని ఎలా లొంగదీస్తుంది?

లొంగదియ్యదు. విసిగిస్తుంది! "మొరిగే కుక్క కరవదు" అని మన సామెత. ఈ కుక్క విషయంలో అది అక్షరాలా నిజం. దీని పని మొరగటమే గాని కరవటం కాదు. ఎలుగు ముందుకు వస్తే తటాలున వెనక్కు తప్పుకుంటుంది. ఎలుగు తిరిగితే వెనక నుంచి మళ్ళీ మొరుగుతుంది. అటు పోతే అటు, ఇటు పోతే ఇటు, అందీ అందకుండా గొంతెత్తి అరుస్తూనే ఉంటుంది. ఎలుగుకు తినటానికి తీరిక ఉండదు, నిలబడటానికి తోచదు. "ఈ చోటు నాకు అచ్చిరాదు" అనుకుని అడవి దారి పడుతుంది. దీనికి ధైర్యం ఎంత కావాలో, తప్పుకునే తెలివి కూడా అంతే కావాలి. ఒట్టి పౌరుషం ఉన్న కుక్క ఈ పనికి పనికిరాదు.

పాఠం ఎలా చెబుతారు?

వేటకుక్కను పంతులుగా మార్చాలనే ఆలోచన క్యారీ హంట్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞురాలిది. ఆమె 1980 ప్రాంతాలలో మొంటానా రాష్ట్రంలోని విశ్వవిద్యాలయంలో ఎలుగులను చంపకుండా తరమటం ఎలాగో పరిశోధించింది. మిరపకాయలోని కారాన్ని డబ్బాలో పెట్టి ఎలుగు ముఖాన చిమ్మితే అది వెనక్కు తగ్గుతుందని చూపిన తొలి పరిశోధనల్లో ఆమెది ఒకటి. ఈనాడు అమెరికా అడవుల్లో తిరిగేవాళ్ళు ఆ కారపు డబ్బాను వెంట తీసుకుపోతారు. తరవాత ఆమె దృష్టి కరేలియా కుక్కల మీదికి పోయింది. 1996 లో "విండ్ రివర్ బేర్ ఇన్‌స్టిట్యూట్" అనే సంస్థను స్థాపించి, ఈ కుక్కలను పెంచటం, తర్ఫీదు చెయ్యటం మొదలుపెట్టింది.

"మొక్కై వంగనిది మానై వంగునా" అన్నారు. కుక్కపిల్లలను కూడా కొద్ది వారాల వయసులోనే పరీక్షిస్తారు. ఎలుగు వాసన తగిలినప్పుడు ఏ పిల్ల తోక ముడిచింది, ఏ పిల్ల తోక ఎత్తి మొరిగింది, ఏది పిచ్చిగా మీదికి ఉరికింది, అన్నీ గమనిస్తారు. ధైర్యమూ, నిదానమూ, యజమాని మాట వినే గుణమూ మూడూ ఉన్నదాన్నే ఎలుగుల పనికి ఎంచుతారు. తక్కినవాటిని ఏమీ పారెయ్యరు. వాసన పట్టి దొంగవేటగాళ్ళ జాడ తియ్యటం వంటి ఇతర పనులకు వాడతారు.

ఇక పాఠం సంగతి చూడండి. ఊరి పొలిమేరలో ఒక ఎలుగు తిరుగుతున్నదని కబురు వచ్చిందనుకుందాం. కుక్కలూ, వాటిని నడిపే మనుషులూ అక్కడికి వెళతారు. సాధారణంగా కుక్కలు గొలుసు మీదనే ఉంటాయి. ఎలుగు కనిపించగానే కుక్కలు మొరుగుతాయి, మనుషులు కేకలు పెడతారు. అవసరమైతే పెద్దగా చప్పుడు చేసే టపాకాయలు పేలుస్తారు, గాయం కాని రబ్బరు గుళ్ళు కొడతారు. ఎలుగు వెనుదిరిగి అడవిలో అడుగు పెట్టగానే అంతా ఆగిపోతుంది. కుక్కలు నోరు మూస్తాయి, టపాకాయలు ఆగుతాయి. ఒక్కసారిగా నిశ్శబ్దం!

ఈ నిశ్శబ్దమే పాఠంలో ముఖ్యమైన భాగం. ఊరి దగ్గర ఉంటే అల్లరి, అడవిలో ఉంటే నెమ్మది. ఎలుగు తెలివైన జంతువు. ఈ తేడాను త్వరగానే పసిగడుతుంది. అడవిలోకి పోయిన తరవాత కూడా వెంటబడి మొరిగితే దానికి ఏమీ బోధపడదు. భయపడి ఎటో పరుగు తీస్తుందంతే. నలభై ఏళ్ళు బడిలో పనిచేసినవాణ్ణి గనక నాకు ఈ సంగతి చాలా నచ్చింది. పిల్లవాడు తప్పు దిద్దుకున్న తరవాత కూడా కోప్పడుతూ ఉంటే వాడికి తప్పేదో, ఒప్పేదో తెలియదు. ఆ వేళకు ఆగటం కుక్కలకు నేర్పారు.

బోనులో పడ్డ ఎలుగును వదిలేటప్పుడు కూడా ఇదే పద్ధతి. దూరంగా తీసుకుపోకుండా, దాని సొంత అడవిలోనే, పట్టుబడిన చోటికి దగ్గరలోనే వదులుతారు. బోను తలుపు తీసేసరికి కుక్కలు సిద్ధంగా ఉంటాయి. బోను నుంచి అడవి చెట్ల దాకా ఆ కొద్ది దూరం ఎలుగు జన్మలో మరిచిపోదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్రంలో వన్యప్రాణి శాఖవారు 2003 లో "మిష్కా" అనే కరేలియా కుక్కతో ఈ పని ప్రారంభించారు.

జపాను కొండల్లో

జపాను దేశంలో నగానో అనే కొండప్రాంతం ఉన్నది. అక్కడ అసామా అనే అగ్నిపర్వతం దగ్గర, సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున, కరూయిజావా అనే చల్లటి ఊరుంది. మన వాళ్ళు ఎండాకాలంలో ఊటీకి పోయినట్టు జపానువాళ్ళు అక్కడికి పోతారు. ఊరి చుట్టూ అడవి, అడవి మధ్యనే ఇళ్ళు. ఆ అడవిలో నల్ల ఎలుగులు ఉంటాయి. వాటి రొమ్ము మీద నెలవంక వంటి తెల్లని గుర్తు ఉంటుంది.

ఒకప్పుడు ఈ ఎలుగులు రాత్రిపూట ఊళ్ళోకి వచ్చి చెత్తకుండీలు కుమ్మేసేవి. "పిక్కియో" అనే సంస్థవారు దీనికి రెండు ఉపాయాలు చేశారు. మొదటిది ఎలుగు తెరవలేని ఇనప చెత్తపెట్టె. మనిషి చెయ్యి లోపలికి పెట్టి గడియ నొక్కితే మూత తెరుచుకుంటుంది. కాని పొడుగాటి గోళ్ళున్న ఎలుగు పంజాకు ఆ గడియ అందదు. రెండోది కుక్క. 2004 లో అమెరికా నుంచి ఒక కరేలియా కుక్కను తెప్పించారు.

పిక్కియోవారు కొన్ని ఎలుగులను పట్టి, మెడకు రేడియో పట్టీ కట్టి వదులుతారు. ఆ పట్టీ పంపే సంకేతాలను బట్టి ఏ ఎలుగు ఎక్కడ ఉన్నదీ తెలుస్తుంది. ఊరంతా నిద్రపోతున్న వేళ, తెల్లవారకముందే, కుక్కను వెంటబెట్టుకుని వాళ్ళు గస్తీ తిరుగుతారు. ఎలుగు ఇళ్ళ దగ్గరికి వచ్చిందంటే చాలు, కుక్క దాన్ని మొరిగి అడవికి పంపేస్తుంది. పొద్దున్నే పిల్లలు సంచి తగిలించుకుని బడికి బయలుదేరేసరికి దారిలో ఎలుగు ఉండదు. రాత్రి ఏం జరిగిందో ఆ పిల్లలకు తెలియను కూడా తెలియదు!

జపానులో ఇది ఎంత అవసరమో చూడండి. పల్లెల్లో ముసలివాళ్ళే మిగిలి, పొలాలు బీళ్ళుపడి, అడవి ఇళ్ళ దాకా వచ్చేసింది. దానికి తోడు కొన్ని సంవత్సరాలు అడవిలో కాయలు సరిగా కాయవు. అటువంటి ఏడు ఎలుగులు ఆకలితో ఊళ్ళ మీద పడతాయి. 2023 లో ఆ దేశంలో రెండు వందల మందికి పైగా ఎలుగుల వాత పడ్డారు, ఆరుగురు చనిపోయారు. 2025 లో చనిపోయినవారి సంఖ్య పది దాటింది. ఆ సంవత్సరాలలో వేల కొద్దీ ఎలుగులను చంపారు.

అయితే కుక్క ఉంటే చాలు, అంతా చక్కబడుతుందని అనుకోకండి. చెత్తకుండీ మూత తెరిచి పెట్టి కుక్క చేత మొరిగిస్తే చిల్లికుండలో నీళ్ళు పోసినట్టే అవుతుంది. ముందు తిండి దొరకకుండా చెయ్యాలి, ఆ తరవాతనే పాఠం. ఎంత చెప్పినా వినని ఎలుగులు కూడా కొన్ని ఉంటాయి. వాటిని చంపక తప్పని సందర్భాలు వస్తూనే ఉన్నాయి. కాని పాఠం నేర్చుకున్న ఒక్కొక్క తల్లి ఎలుగూ దాని పిల్లలకు అడవి దారి చూపిస్తుంది. చెడు అలవాటు ఎలా పాకుతుందో మంచి అలవాటు కూడా అలాగే పాకుతుంది.

మరి మన ఎలుగులు?

జాంబవంతుడి కథ వినని తెలుగు పిల్లలు ఉండరు. మన అడవుల్లో ఉన్న ఎలుగు జాతి వేరు. దీనికి గుబురైన నల్లటి జుట్టు, వేలెడు పొడుగు గోళ్ళు ఉంటాయి. పై వరసలో ముందు పళ్ళు రెండు ఉండవు. ఆ సందులోంచి పుట్టలోని చెదపురుగులను గాలితో సహా జుర్రుకుంటుంది. ఇప్పపువ్వూ, రేగుపళ్ళూ, తేనే దీనికి ఇష్టం. పిల్లలను వీపు మీద ఎక్కించుకుని తిరుగుతుంది. మన దేశంలో తిండికి కరువుండే మంచుకాలం లేదు గనక ఇది నెలల తరబడి నిద్రపోదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం ప్రాంతంలో జీడితోటలూ, కొబ్బరితోటలూ ఉన్నాయి. ఎలుగులు ఆ తోటల్లోకి వస్తూ ఉంటాయి. 2022 జూన్ నెలలో వజ్రపుకొత్తూరు మండలంలో ఒక ఎలుగు ఒక మనిషిని చంపి, మరి కొందరిని గాయపరిచింది. తరవాత ఆ ఎలుగును పట్టుకున్నారు గాని అది కూడా బతకలేదు. మనిషికీ నష్టమే, ఎలుగుకూ నష్టమే.

"అయితే మన ఊళ్ళో కుక్కలను కూడా ఎలుగుల మీదికి ఉసికొల్పితే సరి!" అని మీలో ఎవరైనా అనుకుంటున్నారేమో. ఆ పని మాత్రం చెయ్యవద్దు సుమా! మన ఎలుగు పులులున్న అడవిలో పెరిగిన జాతి. చెట్టెక్కి తప్పించుకునే అలవాటు దీనికి లేదు, ఎదురు తిరిగి కలబడటమే దీనికి తెలుసు. తర్ఫీదు లేని కుక్క ఏం చేస్తుంది? ముందుకు ఉరికి ఎలుగును రేపుతుంది. అది తరమగానే భయపడి యజమాని దగ్గరికే పరుగెత్తుకు వస్తుంది. దాని వెనకాలే ఎలుగు కూడా వస్తుంది! కరేలియా కుక్కలకు ఏళ్ళ తరబడి తర్ఫీదు ఇచ్చేది, గొలుసు మీద నడిపేది ఇందుకే.

ఎలుగులున్న ప్రాంతపు పిల్లలు ఈ నాలుగు మాటలు గుర్తుంచుకోవాలి. చీకటి వేళల్లో తోటల్లోకీ, పుట్టల దగ్గరికీ ఒంటరిగా పోకూడదు. ఇప్పపువ్వు ఏరటానికి పోతే నలుగురూ కలిసి, పెద్దగా మాట్లాడుకుంటూ పోవాలి. పనిలో మునిగి ఉన్న ఎలుగుకు మనం వచ్చిన సంగతి తెలియదు. ఉలికిపడితేనే అది మీద పడుతుంది. ముందే చప్పుడు వింటే చాలావరకు తనంతట తానే తప్పుకుంటుంది. ఎలుగుపిల్ల ఒంటరిగా కనిపిస్తే ముద్దుగా ఉన్నది గదా అని దగ్గరికి పోకూడదు, తల్లి దగ్గరలోనే ఉంటుంది. ఇంటి దగ్గర మిగిలిన అన్నమూ, పళ్ళ తొక్కలూ బయట పారెయ్యక మూత ఉన్న తొట్టిలో వెయ్యాలి, లేదా గొయ్యి తీసి పూడ్చాలి.

ఈ నాలుగు పనుల్లో రెండు మీరు కుక్క సహాయం లేకుండా రేపటి నుంచే చెయ్యగలరు. తొట్టికి మూత పెట్టటం, దారిలో పెద్దగా మాట్లాడటం. రెండోది మీకు ఎవరూ నేర్పనక్కరలేదని నాకు బాగా తెలుసు!